తూకాల తితిన్ ఫ్లాస్కు

చిసాలక్ టీ ఎస్టేట్‌లో తితిన్ అనే పేరున్న ఆడవాళ్లు నలుగురున్నారు. ఒకామె అరటికాయ బజ్జీల తితిన్, ఒకామె కుట్టుమిషను తితిన్, ఇంకొకామె ఊరికే తితిన్. నాలుగో ఆమె తూకాల తితిన్. ఈ కథ ఆమెది.

ఇరవై ఏళ్లు కొండవాలు మీద ఆకు కోసింది. మోకాళ్లు మొరాయించాక బుట్ట దింపేసి, ఊళ్లో పసిపిల్లల బాగోగులు చూసే స్వచ్ఛంద సేవలో చేరింది. నెలకోసారి, రెండో మంగళవారం, ఎస్టేట్ వాళ్ల పాత గోదాములో దూలానికి కాటా వేలాడదీస్తారు. దానికి లుంగీగుడ్డ ఊయల కట్టి, గుక్కపట్టి ఏడ్చే బిడ్డను అందులో కూర్చోబెట్టి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి కార్డులో చుక్క పెట్టడం ఆమె పని. పదిహేడేళ్లుగా పెడుతోంది. జీతం లేదు. ఊదారంగు యూనిఫాం ఒకటి ఉంది, అది భుజాల దగ్గర ఇప్పుడు గులాబీరంగుకు తిరిగింది.

ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ విటమిన్ ఎ గుళికలు వస్తాయి. ఏడాది నిండనివాళ్లకు నీలంవి, పెద్దపిల్లలకు ఎర్రవి. కొస కత్తిరించి నోట్లో పిండాలి. అలా పిండుతుంటే కొరికిన పిల్లల పంటిగాట్లు ఆమె చూపుడువేలి మీద ఇప్పటికీ ఉన్నాయి. ఆ గుళికల విషయంలో ఆమె మహా ఖచ్చితం. ఎవరైనా "మా మామగారికి చూపు మందగించింది, ఇంకొకటి ఇవ్వవే" అని అడిగితే, "ఇవి పిప్పరమెంట్లు కావు. ఎక్కువైనా ప్రమాదమే" అని డబ్బా మూత బిగించేసేది.

అంత జాగ్రత్తగల మనిషి ఐరన్ మాత్రల దగ్గర బోల్తా కొట్టింది. అదీ ఊరందరి ఎదుట.

గర్భిణులకు రోజుకొకటి, బడికెళ్లే ఆడపిల్లలకు వారానికొకటి చొప్పున ఐరన్ మాత్రలు ఇస్తారు. మొదట్లో వాటిని అందరూ ఎంతో మర్యాదగా పుచ్చుకుని, అంతే మర్యాదగా పరుపు కింద దాచేవాళ్లు. తుప్పు వాసన అని ఒకరు, దొడ్డికెళ్తే నల్లగా అవుతోందని ఒకరు. "బిడ్డ బొద్దుగా తయారైతే కనేది నేను, నువ్వు కాదు" అని ఇంకొకరు. తితిన్ పాత స్నేహితురాలు ఒదా ఉంది చూడండి, ఆమె కూతురైతే నలగ్గొట్టి కోళ్లకు వేసింది. ఆ కోళ్లలో రెంటిని తర్వాత తితిన్ మొగుడు జుహనాయే బేరమాడి తెచ్చుకున్నాడు, ఎంత పుష్టిగా ఉన్నాయో చూడు అంటూ.

అప్పుడు తితిన్‌కు ఫ్లాస్కు ఆలోచన వచ్చింది.

చిసాలక్‌లో దాహమేస్తే తాగేది వట్టి టీ. పాలుండవు, పంచదార ఉండదు. పిడికెడు ముదురాకు మరిగించిన లేత గోధుమరంగు నీళ్లు. అన్నంలోకి అదే, చుట్టమొస్తే అదే, పొలానికి పట్టుకెళ్లేదీ అదే. ఎవరూ దాన్ని టీ అనుకోరు, మామూలుగా తాగేదేదో అదే అనుకుంటారు. మరిగించిన వట్టినీళ్లు జ్వరమొచ్చినవాళ్ల కోసం. ఇంటికొచ్చిన మనిషి ముందు వట్టినీళ్ల గ్లాసు పెట్టామంటే, వచ్చిన పని చూసుకుని లేవమని చెప్పినట్టే.

అందుకని ఎర్రపూల పెద్ద ఫ్లాస్కు నిండా వేడివేడి టీ పోసుకుని, తితిన్ ఇంటింటికీ వెళ్లేది. గుమ్మంలో కూర్చునేది. తెచ్చిన గ్లాసులో టీ వంచి, మాత్ర అరచేతిలో పెట్టి, "మింగు. నాలిక ఎత్తు. ఆఁ, ఇప్పుడు మీ అత్త గురించి చెప్పు" అనేది. వేడి టీ తుప్పు వాసనను తినేసేది, కబుర్లు మిగతాది తినేసేవి. ఏడాది తిరిగేసరికి చిసాలక్‌లో ఒక్క మాత్రా మిగల్లేదు. జిల్లావాళ్లు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాని మీది ఫొటోలో తితిన్ పక్కన ఫ్లాస్కు కూడా ఉంది. జుహనా ఆ పత్రానికి అద్దం కట్టించి, ముందుగదిలో గడియారం కింద తగిలించాడు.

ఆరేళ్లు గడిచాయి. ఒక్క చిన్న విషయం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. మాత్రలన్నీ అయిపోతున్నాయి, ఆడవాళ్ల రక్తం మాత్రం ఉన్నచోటే ఉంటోంది. "కొండ మీద చలి కదా" అనుకున్నారు. పాత నర్సమ్మ కూడా అదే అనుకుని రిటైరైపోయింది.

తితిన్ కూడా అదే అనుకునేది, కోడలి వంతు వచ్చేవరకు.

పిపిత్‌కు ఇది తొలిచూలు. ఏడో నెల పరీక్షలో హిమోగ్లోబిన్ తొమ్మిదీ పాయింట్ ఒకటి. కొత్తగా వచ్చిన నర్సమ్మ రెస్తి, సముద్రం ఒడ్డున ఉండే చిరెబొన్ అనే ఊరి పిల్ల, కార్డు మీద ఆ అంకె చుట్టూ సున్నా చుట్టింది.

"పదికి తక్కువుంటే ఇక్కడ కాన్పు చేయను తితినమ్మా. కింద జిల్లా ఆసుపత్రికి పంపేస్తాను. ఐదు వారాల తర్వాత మళ్లీ చూస్తా."

జిల్లా ఆసుపత్రికి దారి మంచి ఎండలోనే మూడు గంటలు. పిపిత్ నెలలు నిండేది నడి వానల్లో, కొండచరియలు రోడ్డు మీద కూర్చునే కాలంలో. కిందటేడు ఎండు వంపు అనే మలుపు దగ్గర అంబులెన్సు నాలుగు గంటలు ఆగిపోవడం తితిన్ కళ్లారా చూసింది. లోపలున్నామె బతికి బట్టకట్టింది గానీ, ఆ నాలుగు గంటల అరుపులు తితిన్ చెవుల్లోంచి పోలేదు. కొడుకు ఇర్వన్ టీ లారీ తోలుతూ వారానికి నాలుగు రోజులు రేవులోనే ఉంటాడు. పిపిత్‌కు తల్లి లేదు. "అంబూ, మీరు పక్కనుంటే చాలు, ఇక్కడే కంటాను" అని ఆ పిల్ల మూడో నెలలోనే మాట తీసుకుంది. అంబు అంటే అక్కడ అమ్మ. అత్తను అలా పిలిచే కోడళ్లు చాలామందే ఉంటారు. పిపిత్ నోట ఆ పిలుపు వినబడితే మాత్రం తితిన్‌కు మోకాలినొప్పి కూడా తగ్గినట్టుండేది.

అలాంటిది, ఆ తొమ్మిదీ పాయింట్ ఒకటి చూశాక తితిన్ మనసులో ఒక పాడు ఆలోచన దూరింది. ఈ పిల్ల మాత్ర మింగట్లేదు.

తనే రోజూ చేతిలో పెడుతోంది. తనే టీ వంచుతోంది. నాలిక ఎత్తమనడం మాత్రం కోడలు కదా అని మొహమాటపడి మానేసింది. అదే కొంప ముంచిందేమో అనుకుంది. ఒకరోజు పొద్దున పిపిత్ స్నానానికి వెళ్లగానే వాళ్ల గదిలోకి నడిచింది. దిండు కింద లేవు. పరుపు కింద లేవు. మంచం కింద ఒక బిస్కెట్ల డబ్బా తళుక్కుమంది. మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి చాలక, తల దూర్చి, తర్వాత భుజాలు దూర్చింది. డబ్బా అందింది. వెనక్కి వద్దామంటే మోకాళ్లు పట్టేశాయి.

తల తుడుచుకుంటూ వచ్చిన పిపిత్‌కు మంచం కిందనుంచి అత్తగారి పాదాలు రెండు కనిపించాయి.

"అంబూ, ఏం చేస్తున్నారు?"

పాదాలు ఒకసారి ఇటూ అటూ కదిలాయి.

"పిల్లి దూరినట్టుంటేనూ."

"మనకు పిల్లి లేదు కదా."

"అదే, ఎవరిదో చూద్దామని."

పిపిత్ నిండుకడుపుతో వంగలేదు. జుహనాను పిలిచింది. ఆయన వచ్చి, చూసి, ఏమీ అడక్కుండా పెళ్లాం కాళ్లు రెండూ పట్టుకుని తిన్నగా బయటికి లాగాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఎప్పుడు ఏమీ అడక్కూడదో ఆయనకు బాగా తెలుసు. తితిన్ చేతిలో డబ్బా అలాగే ఉంది.

డబ్బాలో ఐరన్ మాత్రలు లేవు. వేరే సీసాలు ఐదున్నాయి. కాల్షియం బిళ్లలు, చేపనూనె గుళికలు, చర్మం నిగనిగలాడిస్తాయన్నవేవో, రక్తం పట్టిస్తుందనే నల్లతేనె గుళికలు, అసలు పేరే లేని పచ్చసీసా ఒకటి.

"ఫోనులో ఒకావిడ రోజూ లైవులో వచ్చి అమ్ముతుంది," అంది పిపిత్. కళ్లలో నీళ్లు తిరిగాయి. "తొమ్మిది అనగానే భయమేసింది. అన్నీ కలిపి పొద్దున్నే వేసుకుంటున్నా, మీరిచ్చిన దాంతో పాటే. మీది ఒక్కటి కూడా పారేయలేదంబూ. ఒట్టు. మీ టీతోనే మింగాను అన్నీ."

తితిన్‌కు ఎటు చూడాలో తెలియలేదు. పరాయి ఆడవాళ్ల పరుపులు ఎన్ని ఎత్తి చూసినా తప్పనిపించలేదు గానీ, ఇప్పుడు సిగ్గేసింది. "పద," అంది చివరికి, "నర్సమ్మ దగ్గరికి. డబ్బా కూడా పట్టుకో."

రెస్తి ఐదు సీసాలనూ బల్ల మీద వరసగా పెట్టి, ఒక్కొక్కటే తిప్పి చదివింది. అరిచే రకం కాదు ఆ పిల్ల. అరిస్తేనే బాగుండేది.

"పేరూ ఊరూ లేని ఈ పచ్చది ఇప్పుడే మానెయ్యి నెంగ్." వయసులో ఉన్న ఆడపిల్లలను అక్కడ ముద్దుగా అలా పిలుస్తారు. " ఏముందో నాకే తెలీదు, ఇక నీ బిడ్డకేం తెలుస్తుంది. నిగనిగలవాటిలో విటమిన్ ఎ ఉంది, అదీ చాలా ఎక్కువ మోతాదు. గర్భిణికి అంత మంచిది కాదు."

"నేను వేసుకున్నవి..."

"ఎన్ని?"

"మూడు. రుచి బాలేక మానేశా."

"నీ నాలికకు దణ్ణం పెట్టుకో. కార్డులో రాస్తాను, స్కానింగ్ డాక్టరుగారికి కూడా చెబుతాను, కంగారుపడకు." రెస్తి నల్లతేనె గుళికలను పక్కకు నెట్టింది. "ఇవి రక్తం పట్టిస్తాయని ఎవరూ తేల్చలేదు, వద్దు. చేపనూనె ప్రస్తుతానికి పక్కన పెట్టు. కాల్షియం మాత్రం నీకు అవసరమే, మంచిదే. కానీ ఐరన్‌తో కలిపి వేసుకోకూడదు. రెండూ ఒకే గుమ్మంలోంచి దూరబోయి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఇది మధ్యాహ్నం అన్నంతో, ఐరన్ రాత్రి పడుకోబోయే ముందు. రాత్రైతే కడుపులో తిప్పడం కూడా తెలీదు." కలం మూసి, మళ్లీ తెరిచింది. "ఇంతకీ దేంతో మింగుతున్నావు?"

పిపిత్ జవాబు చెప్పేలోపే తితిన్ ఒళ్లోని ఫ్లాస్కును బల్ల మీద పెట్టింది. ఆరేళ్ల గర్వమంతా గొంతులోకి వచ్చింది. "దీంతో. ఊరంతా దీంతోనే. నేనే దగ్గరుండి పోస్తా."

రెస్తి మూత తీసి వాసన చూసింది. ఐరన్ మాత్రల అట్టపెట్టె మీద రాసింది చదివింది, "నీళ్లతో తీసుకోవలెను."

"అవును. ఇదే కదా."

సముద్రం ఒడ్డు పిల్ల కాబట్టి, ఇక్కడ నీళ్లంటే టీయేనని అర్థం కావడానికి రెస్తికి ఒక్క క్షణం పట్టింది. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకైతే దేంతో మింగుతున్నావన్న ప్రశ్నే తట్టేది కాదు, ఆరేళ్లూ తట్టలేదు కూడా.

"తితినమ్మా," అంది మెల్లగా, "టీలో వగరుంటుంది చూడండి, అది ఐరన్‌ను పట్టేసుకుంటుంది. ఒంటికి అందనివ్వదు. మాత్ర మింగినా చాలా భాగం అలాగే బయటికి పోతుంది."

"చాలా భాగం."

"ఊఁ."

"ఆరేళ్లు."

రెస్తి ఫ్లాస్కు మూతను జాగ్రత్తగా బిగించి, రెండు చేతులతో ఆమెకు తిరిగి ఇచ్చింది.

ఇంటికొచ్చాక తితిన్ ముందుగదిలో కూర్చోలేకపోయింది. గడియారం చూద్దామంటే దాని కిందే ప్రశంసాపత్రం ఉంది. జుహనా విషయం విని, "దించేయనా?" అన్నాడు. "వద్దు" అంది. గుమ్మం దాటబోతూ, "గోడవైపు తిప్పండి" అంది.

నిజం చెప్పేయాలని ఆమెకూ తెలుసు. కానీ చెప్పకుండానే బాగుచేసే ఉపాయం ఒకటి తోచింది. ఎవరికీ ఏమీ అనకుండా ఫ్లాస్కులో వట్టి వేడినీళ్లు పోసుకుని బయల్దేరింది. మొదటి ఇంట్లో ఆరు నెలల గర్భిణి ఒక గుక్క తాగి ఆగిపోయింది. "నాకేమైనా జబ్బా అక్కా? చెప్పు, ఫరవాలేదు, దాచకు" అంది, ముఖం పాలిపోయి. రెండో ఇంట్లో అత్తగారు గ్లాసులోకి తొంగిచూసి, మా ఇంట్లో టీ లేకనా నువ్వు నీళ్లు మోసుకొచ్చావు అని మూతి ముడిచింది. మూడో ఇల్లు ఒదాది. ఒదా తితిన్‌తో ఒకే వరసలో ఆకు కోసిన మనిషి. నాలిక కత్తెర. కూతురు రెండో కాన్పుకు వచ్చి ఉంది.

ఒదా గ్లాసు ఎత్తి వెలుతురులో పట్టుకుని చూసింది. "ఏమే తితిన్, మా ఇంటికి నీళ్లు తెచ్చావు. నా మీద కోపమా, లేక ఎస్టేట్‌లో ఆకు అయిపోయిందా?"

"ఆరోగ్యం కోసమే."

"ఎవరి ఆరోగ్యం? నువ్వు చెమటలు కక్కుతున్నావు."

తితిన్ గుమ్మంలో కూలబడింది. తలెత్తకుండా, ఫ్లాస్కు పిడిని తిప్పుతూ, మొత్తం చెప్పేసింది. ఒదా అంతా విన్నది. తితిన్ తిట్లకు సిద్ధపడింది.

"అంటే," అంది ఒదా, "మా పిల్ల కోళ్లకు వేసిన మాత్రలే నయమన్నమాట. అవి టీ తాగలేదుగా."

లోపల్నించి కూతురు కిసుక్కున నవ్వింది. తితిన్ మాత్రం నవ్వలేకపోయింది. ఒదా వచ్చి పక్కన చతికిలబడింది. "ఇదిగో చూడు. నువ్వు దొంగచాటుగా నీళ్లు మోస్తే ఊళ్లో మూడురకాల పుకార్లు పుడతాయి. మంగళవారం అందరి ముందూ చెప్పు. నవ్వుతారు. నవ్వితే గుర్తుంటుంది."

"నువ్వు ముందు నవ్వుతావుగా."

"నేను కాకపోతే ఎవరు మొదలెడతారు?"

మంగళవారం గోదాములో ముప్పైమంది తల్లులు. తితిన్ కాటా పక్కన నిలబడి, తూకాలు మొదలెట్టకముందే గొంతు సవరించుకుంది. జుహనా గోడకు తిప్పిన పటాన్ని ఆమే దించి తెచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి, "ఈ ఫొటోలో నా పక్కనున్నది ఎవరో తెలుసా? దొంగ" అంది. "ఆరేళ్లు మీ ఐరన్ అంతా తాగేసింది. నేనే మోసుకొచ్చి మీ ఇళ్లలో దించాను. తప్పు నాది. క్షమించండి."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. రెస్తి లేచి రెండు ముక్కల్లో వివరించింది. టీ మానక్కర్లేదనీ, మాత్రకీ టీకీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచితే చాలనీ, మాత్రతో పాటు నిమ్మ, నారింజ, జామ లాంటి పులుపేదైనా తీసుకుంటే ఒంటికి ఇంకా బాగా పడుతుందనీ చెప్పింది. మాత్ర ఉంది కదా అని పళ్లెం ఖాళీగా ఉంచొద్దనీ, కోడికార్జం, గుడ్లు, చిరుచేపలు, ఆకుకూర తినమనీ చెప్పింది. కూర్చోబోయి మళ్లీ లేచి, ఫోనులో అమ్మేవి కొనేముందు నాకోసారి చూపించండి, చదివినందుకు డబ్బులేమీ అడగను అంది.

వెనకనుంచి ఒదా గొంతు. "నర్సమ్మా, కబుర్లకీ మాత్రకీ కూడా రెండు గంటలు ఎడం ఉంచాలా? తితిన్ వస్తే కష్టం."

గోదాము గోదామంతా నవ్వింది. తల్లి ఒళ్లో ఉన్న బిడ్డ ఒకడు ఎందుకో తెలియక గొల్లుమన్నాడు. తితిన్ చెవులు ఎర్రబడ్డాయి గానీ, గుండెల మీది బరువు దిగింది. ఒక్క ముసలమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ కూతురికి కిందటి కాన్పులో రక్తం ఎక్కించాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ తితిన్ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయింది. ఆ చెయ్యి బరువు తితిన్‌కు చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఆ వారం ఫ్లాస్కులో నిమ్మరసం పిండిన గోరువెచ్చటి నీళ్లు వెళ్లాయి. నిమ్మవాసన వస్తే వట్టినీళ్లన్న అవమానం ఎవరికీ తగల్లేదు. అది వేరే పానీయం కింద లెక్క. పిపిత్ సీసాలు ఐదింట్లో ఒకటే మిగిలింది, అది మధ్యాహ్నాలకు. జుహనా కోళ్లలో వారానికొకటి తగ్గుతూ వచ్చింది. ప్రతిసారీ ఆయన కోడిని ఎత్తుకుని వాకిట్లో కాసేపు నిలబడేవాడు. "దీని కార్జం ఎంతుంటుంది, ఉసిరికాయంత. దానికోసం మొత్తం కోడా" అని గొణిగేవాడు. మిగతా కోడిని ఆయనే తినేవాడు.

తనకూ ఒక బలం మాత్ర ఇప్పించమని ఆయన రెస్తిని అడిగాడు. ఆమె వేలు పొడిచి చూసి, "మీ రక్తం భేషుగ్గా ఉంది. అవసరం లేనివాళ్లకు ఐరన్ మంచిది కాదు" అంది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. అదే సూదితో తితిన్ వేలూ పొడిచింది. పదీ పాయింట్ ఎనిమిది. పదిహేడేళ్లలో ఎవరూ ఆమెకు పరీక్ష చేయలేదు, ఆమే చేయించుకోలేదు. కారణమేమిటో చూద్దామని ఇంకో రెండు పరీక్షలు రాసి, ఆ తర్వాతే మాత్రలు మొదలెట్టింది రెస్తి. మొదటి రాత్రి పిపిత్ నిమ్మనీళ్లు వంచి ఇచ్చి, అత్తగారు మింగాక తాపీగా అంది, "నాలిక ఎత్తండి అంబూ."

ఐదో వారం వానలు మొదలయ్యాయి. ఎండు వంపు దగ్గర అప్పటికే ఒకసారి మట్టి జారింది. చిన్న క్లినిక్‌లో పిపిత్ చెయ్యి చాపింది. తితిన్ కిటికీ వైపు తిరిగి నిలబడింది. మిషన్ మీద అంకెలు తిరుగుతుంటే చూడలేకపోయింది.

"తితినమ్మా."

"ఎంతైనా ఫరవాలేదు. కారు మాట్లాడతా. ముందే కిందికి పోయి గది తీసుకుని ఉంటాం."

"పదీ పాయింట్ మూడు."

తితిన్ తిరగలేదు. "ఇంకోసారి చెప్పండి."

"పది. పాయింట్. మూడు. గొప్ప అంకె ఏం కాదు, ఇంకా పెరగాలి. కానీ ఇక్కడే కనొచ్చు."

పిపిత్ అత్త కొంగు పట్టుకుని లాగింది. తితిన్ అప్పుడు తిరిగింది, ముఖం తుడుచుకోవడం మరిచిపోయి.

మూడు వారాలకు, జోరువాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం, పిపిత్ ఆ క్లినిక్‌లోనే ఆడపిల్లను కన్నది. రోడ్డు ఆ రోజు మూసే ఉంది. రేవు నుంచి బయల్దేరిన ఇర్వన్ మట్టికి అవతల లారీ ఆపుకుని, ఫోనులోనే బిడ్డ ఏడుపు విన్నాడు. తితిన్ చేతి మీద కోడలి గోళ్ల గుర్తులు ఐదు పడ్డాయి. వాటిని ఆమె వచ్చినవాళ్లందరికీ చూపించింది.

సాయంత్రం ఒదా క్లినిక్‌కు చూడ్డానికొచ్చింది. మంచం పక్క బల్ల మీద ఫ్లాస్కులు రెండున్నాయి. ఎర్రపూలది పాతది, నీలంపూలది కొత్తది.

"బాలింతకు ఇంకా మాత్రలేనా?"

"ఇంకా నలభై రోజులు. నీలందాంట్లో నిమ్మనీళ్లు."

"ఎర్రదాంట్లో?"

తితిన్ మూత తీసింది. మరిగిన ముదురాకు వాసన గదంతా పరుచుకుంది. "పిపిత్ మాత్ర రాత్రి కదా," అంటూ గోడ గడియారం వైపు చూసి, వేళ్ల మీద లెక్కపెట్టుకుని, మూడు గ్లాసుల్లో టీ వంచింది. ఒకటి కోడలికి, ఒకటి ఒదాకి, ఒకటి తనకి.